ఇన్‌స్టాల్ అయింది సరే, లెక్క సరిపోయిందా?

మా ఆఫీసులో కింది అంతస్తు ల్యాబ్‌ది, పై అంతస్తు మాది. కింద వాళ్లు వలంటీర్ల రక్తంలో మందు ఎంత ఉందో ఎల్‌సీ-ఎంఎస్ మిషన్ మీద కొలుస్తారు. పైన మేం ఆ అంకెలు తీసుకుని, జనరిక్ మందూ అసలు కంపెనీ మందూ ఒంట్లోకి ఒకే తీరుగా చేరుతున్నాయో లేదో లెక్క తేలుస్తాం. బయోఈక్వివలెన్స్ అంటారు దీన్ని. హైదరాబాద్‌లో ఫార్మా ఉన్నంతకాలం ఈ పనికి కొదవ లేదు.

ల్యాబ్ వాళ్ల పద్ధతి ఒకటి చూస్తే నాకు ఎప్పుడూ అసూయే. వాళ్లు మిషన్‌ని ఏ రోజూ నమ్మరు. ప్రతి బ్యాచ్‌లోనూ వలంటీర్ల శాంపిళ్ల మధ్య క్యూసీ శాంపిళ్లు పెడతారు. వాటిలో మందు ఎంత ఉందో ముందే తెలుసు, కలిపింది వాళ్లే కాబట్టి. తక్కువ మోతాదుది ఒకటి, మధ్యస్థం ఒకటి, ఎక్కువది ఒకటి, ఒక్కోటి రెండేసి. ఆ శాంపిళ్లలో కనీసం మూడింట రెండు వంతులు అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ లోపల రావాలి. రాకపోతే ఆ బ్యాచ్ చెల్లదు. మిషన్ ఎంత ఖరీదైనదైనా, నిన్న బ్రహ్మాండంగా పనిచేసినా, ఇవాళ్టి బ్యాచ్‌కి ఇవాళ్టి పరీక్షే.

ఇంత కష్టపడి తేల్చిన అంకెలు మెట్లెక్కి మా దగ్గరికొస్తాయి. మేం వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేస్తాం. బయటికొచ్చిన జవాబు రిపోర్టులోకి ఎక్కించి సంతకం పెడతాం. మా సాఫ్ట్‌వేర్‌కి జవాబు ముందే తెలిసిన ప్రశ్న చివరిసారి ఎప్పుడు వేశాం? ఇన్‌స్టాల్ చేసిన రోజున. అది కూడా మేం వేసిన ప్రశ్న కాదు, అమ్మినవాళ్లు ఇచ్చినది.

ఈ పద్ధతి తప్పని నా వాదన. కాన్సంట్రేషన్ కొలిచే మిషన్‌కి ఎంత నిఘా పెడుతున్నామో, దాని మీద లెక్కకట్టే ప్రోగ్రామ్‌కీ అంత నిఘా ఉండాలి. లైసెన్సుకి డబ్బు కట్టామా లేదా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేసుకుని కూర్చున్నాం.

ముందు ఇన్‌స్టలేషన్ సంగతి. ఫార్మాలో పనిచేసేవాళ్లకు ఐక్యూ (ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్), ఓక్యూ (ఆపరేషనల్), పీక్యూ (పర్ఫార్మెన్స్) అనే మూడు మాటలు నిద్రలో కూడా వినిపిస్తాయి. సాస్ లాంటి స్టాటిస్టిక్స్ ప్యాకేజీకి ఐక్యూ అంటే, ఫైళ్లన్నీ చెడిపోకుండా, ఒక్కటీ తగ్గకుండా దిగాయా అని కంపెనీ ఇచ్చిన టూల్ చెక్‌సమ్‌లతో (ఫైల్ మారితే మారిపోయే గుర్తింపు అంకెలతో) సరిచూడటం. ఓక్యూ అంటే కంపెనీ ఇచ్చిన టెస్ట్ ప్రోగ్రాములు మన మిషన్ మీద నడిపి, కంపెనీ ఇచ్చిన ఫలితాలతో పోల్చుకోవడం. రెండూ పనికొచ్చేవే. సగం దిగిన ఇన్‌స్టలేషన్‌ని, పాడైన ఫైల్‌ని పట్టుకుంటాయి. అయితే ఆ ప్రశ్నపత్రం మన పని కోసం తయారు చేసింది కాదు. మన డిజైన్, మన డేటా తీరు, మన దగ్గర మధ్యలో వెళ్లిపోయే వలంటీర్లు దానికి తెలియరు. ఆ పరీక్ష పెట్టాల్సింది పీక్యూలో. అది మన బాధ్యత. అందుకే కాబోలు, బైండర్‌లో ఐక్యూ, ఓక్యూ కాగితాలు లావుగా ఉంటాయి, పీక్యూ సన్నగా ఉంటుంది. "ప్రోగ్రామ్ తెరుచుకుంది, డేటా చదివింది, టేబుల్ ప్రింట్ అయింది, పాస్" అని రాసి ఉన్న పీక్యూలు నేను చూశాను. మిషన్‌కి ప్లగ్ పెడితే లైటు వెలిగింది కాబట్టి కాన్సంట్రేషన్ సరిగ్గా చూపిస్తుందని ల్యాబ్‌లో ఎవరైనా రాస్తే క్యూఏ వాళ్లు ఊరుకుంటారా?

ఇక్కడ మావాళ్లు ఠక్కున ఒక మాట అంటారు. "డబుల్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాం కదండీ!" నిజమే. ఒకే టేబుల్‌ని ఇద్దరు ఒకరి కోడ్ ఒకరు చూడకుండా రాస్తారు. తర్వాత రెండింటినీ పోల్చే సాస్ ఆదేశం ప్రాక్ కంపేర్ నడిపితే ఒక్క విలువ కూడా తేడా రాకూడదు. మంచి పద్ధతే, నేనూ పాటిస్తాను. కాకపోతే అది మనిషికి పెట్టే పరీక్ష. ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే వెర్షన్‌లో, ఒకే డిఫాల్ట్‌లతో రాస్తే, సాఫ్ట్‌వేర్ ఏది చెబితే ఇద్దరికీ అదే వస్తుంది. ప్రాక్ కంపేర్ హాయిగా తేడాలేమీ లేవంటుంది.

డిఫాల్ట్‌లు ఎంత పని చేస్తాయో చూడటానికి పెద్ద స్టడీ అక్కర్లేదు. 1, 2, 3, 4 అనే నాలుగు అంకెలు తీసుకోండి. మొదటి క్వార్టైల్, అంటే కింది నుంచి పావు వంతు దగ్గర ఉండే విలువ, ఎంత? ఉచితంగా దొరికే ఆర్ అనే ప్యాకేజీ 1.75 అంటుంది. సాస్ 1.5 అంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో ప్యాకేజీ 1.25 అంటుంది. మూడింటిలో ఏదీ తప్పు కాదు. ఇలాంటి విలువలు (క్వాంటైల్‌లు) లెక్కకట్టడానికి తొమ్మిది పద్ధతులున్నాయని హిండ్‌మన్, ఫ్యాన్ 1996లో వరసపెట్టి రాశారు, ఒక్కో ప్యాకేజీ తనకు నచ్చింది డిఫాల్ట్‌గా పెట్టుకుంది. 2.5ని దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటే సాస్ 3 అంటుంది, ఆర్ 2 అంటుంది. సరిగ్గా సగం దగ్గర ఉంటే సరిసంఖ్య వైపు వెళ్లాలన్న ప్రమాణాన్ని ఆర్ పాటిస్తుంది, బడిలో మనం నేర్చుకున్నది సాస్ పాటిస్తుంది.

ఇవి చిన్నవి అనుకుంటే, ఖాళీ విలువల సంగతి వినండి. వయసు నమోదు కాని మనిషి ఉన్నాడనుకోండి. సాస్‌లో "వయసు 18 కన్నా తక్కువ" అని షరతు పెడితే ఆ మనిషి పిల్లల్లో చేరిపోతాడు. ఎందుకంటే సాస్ దృష్టిలో ఖాళీ అన్ని అంకెల కన్నా చిన్నది. స్టేటా అనే ప్యాకేజీలో సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ ఖాళీ అన్నిటికన్నా పెద్దది కాబట్టి "60 దాటినవాళ్లు" అంటే వాడు ముసలివాళ్లలో తేలతాడు. ఆర్ మాత్రం నాకు తెలియదని చెప్పి ఎన్ఏ ఇస్తుంది. మాన్యువల్స్‌లో ఇవన్నీ రాసే ఉన్నాయి. ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఎవరు చదువుతారు అన్నదే సమస్య.

ఇవి డిఫాల్ట్‌లు. అచ్చంగా తప్పు లెక్క వచ్చిన సందర్భం మా రంగంలోనే ఉంది, నేను ఎక్కువగా చెప్పేది దాని గురించే. బయోఈక్వివలెన్స్‌లో మామూలు డిజైన్ ఏమిటంటే, వలంటీర్లను రెండు వరుసలు చేస్తారు. ఒక వరుస ముందు జనరిక్, తర్వాత అసలు మందు వేసుకుంటుంది. రెండో వరుస తిరగేసి. 24 మందిని తీసుకుంటే 12, 12. కానీ జనం చివరిదాకా ఉండరు. ఒకాయనకి జ్వరం వస్తుంది, ఇంకొకాయన ఊరికి పోతాడు, వేరొకాయన మందు వేసుకోగానే వాంతి చేసుకుంటాడు. చివరికి 12, 10 మిగులుతారు. 14, 14తో మొదలైన చోట ఒక్కోసారి ఇంకా వంకరగా 14, 8.

రెండు వరుసలూ సమానంగా ఉన్నప్పుడు స్టాండర్డ్ ఎర్రర్‌కి (మన అంచనా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకెకి) ఒక సులువు సూత్రం ఉంది, మొత్తం మంది ఎందరో తెలిస్తే చాలు. సమానంగా లేనప్పుడు ఒక్కో వరుసలో ఎందరున్నారో విడివిడిగా చూడాలి. సులువు సూత్రాన్నే అన్నిచోట్లా వాడే ప్రోగ్రామ్ ఉందనుకోండి. 12, 10 అయితే తేడా అర శాతం కూడా రాదు, ఎవరూ గమనించరు. 14, 8 అయితే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు విలువ ఉండగల హద్దుల మధ్య దూరం, ఉండాల్సిన దానికన్నా దాదాపు 4 శాతం ఇరుకైపోతుంది. మందు పాసవ్వాలంటే, అసలు మందుతో పోలిస్తే జనరిక్ ఎంత శాతం అన్నదాని 90 శాతం ఇంటర్వల్ 80.00, 125.00 మధ్య ఇమడాలి. అంచు దగ్గర నిలబడ్డ మందుకి ఆ 4 శాతమే పాసూ ఫెయిలూ. పైగా వరుసలు సమానంగా లేనప్పుడు సగటులు తీసే పద్ధతి కూడా మారుతుంది. అక్కడ పొరబడితే ఇంటర్వల్ వెడల్పుతో పాటు అది నిలబడే చోటే జరిగిపోతుంది.

2014లో కొందరు పరిశోధకులు ఇలాంటి రెండు పీరియడ్ల డిజైన్ కోసం రిఫరెన్స్ డేటాసెట్లు తయారుచేసి ప్రచురించారు. సమానమైన వరుసలవి, అసమానమైనవి, విపరీతమైన విలువలున్నవి కలిపి. వాటిని పేరున్న ప్యాకేజీల మీద నడిపి చూశారు. ఎక్కువ ప్యాకేజీలు ఒకే జవాబిచ్చాయి. డబ్బుపెట్టి కొనాల్సిన ఒక ప్యాకేజీ మాత్రం వరుసలు అసమానంగా ఉన్న డేటా దగ్గర మిగతావాటితో కలవలేదు. ఆ ప్యాకేజీ వాడిన ప్రతిచోటా లైసెన్సు సక్రమంగానే ఉండి ఉంటుంది, ఐక్యూ కాగితాల మీద సంతకాలూ ఉండి ఉంటాయి. వరుసలు అసమానంగా ఉన్న డేటాని పీక్యూలో పెట్టి ఉంటే, అది ఒక పూటలో బయటపడే సంగతి.

ఇప్పుడు లైసెన్సు దగ్గరికి వద్దాం. లైసెన్సు మనకి వాడుకునే హక్కు ఇస్తుంది. జవాబు సరైనదని హామీ ఇవ్వదు. ఆర్ తెరవగానే ఎలాంటి వారంటీ లేదని మొదటి తెరమీదే పెద్ద అక్షరాల్లో చెబుతుంది. ఇది చూసి మా కొనుగోళ్ల విభాగం ఒకాయన హడలిపోయాడు, "సార్, వాళ్లే గ్యారంటీ లేదంటున్నారు, మనం ఎలా వాడతాం?" అని. డబ్బుపెట్టి కొన్న ప్యాకేజీ ఒప్పందం కూడా ఓపిగ్గా చివరిదాకా చదవమన్నాను. ఫలితాల బాధ్యత వాడేవాళ్లదేనని సాధారణంగా అక్కడా ఉంటుంది, కాకపోతే ఎన్నో పేజీ తర్వాత, సన్నటి అక్షరాల్లో. ఇద్దరిలో ఆర్ కాస్త మొహం మీదే చెప్పే రకం.

ఇంకో భయం ఆర్ లైసెన్సయిన జీపీఎల్ గురించి. "ఆర్ వాడితే మన స్టడీ కోడ్ అంతా ప్రపంచానికి ఇచ్చేయాలంట కదా" అని. లేదు. మీ ఆఫీసులో మీరు వాడుకుంటే జీపీఎల్ మిమ్మల్ని ఏమీ అడగదు. ఆ సాఫ్ట్‌వేర్‌నో, దాన్ని మార్చి చేసిన సాఫ్ట్‌వేర్‌నో వేరేవాళ్లకు పంచినప్పుడే షరతులు మొదలవుతాయి. దీనికి తిరగబడ్డ పొరపాటు పైథాన్ వాళ్లు చేస్తారు. పైథాన్ ఉచితం కాబట్టి దాన్ని ప్యాకేజీలతో కలిపి ఇచ్చే అనకొండా కూడా ఉచితమేనని అలవాటుగా దించేస్తారు. 2020లో అనకొండా నిబంధనలు మారాయి. 200 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలు వాళ్ల ప్యాకేజీల భండారం వాడితే డబ్బు కట్టాలి. కోండా-ఫోర్జ్ అనే సముదాయ భండారం దానికి వేరు. దించుకునే ముందు ఆ పేజీ చదివితే అయిదు నిమిషాల పని, లీగల్ నోటీసు వచ్చాక చదివితే నెలల పని.

అమీర్‌పేట గురించి చెప్పకుండా ఈ టాపిక్ దాటలేను. మైత్రీవనం చుట్టుపక్కల "క్లినికల్ సాస్" బోర్డులు చూసి ఫార్మాలోకి వచ్చినవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు, మంచి ప్రోగ్రామర్లు. వాళ్లలో కొందరు నేర్చుకున్నది పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన కాపీ మీద. సాస్ లైసెన్సుకి గడువు తేదీ ఉంటుంది, అది దాటాక ప్రోగ్రామ్ ఆగిపోతుంది. దానికి విరుగుడుగా కంప్యూటర్ గడియారాన్నే వెనక్కి తిప్పి పెడతారు. నేర్చుకునే పిల్లల సంగతి పక్కన పెడదాం, ఒక చిన్న ఆఫీసులో అసలు పనికే ఇలా చేయడం నేను కళ్లారా చూశాను. లాగ్ మీద తేదీ అబద్ధం. టేబుల్ కింద ప్రింట్ అయ్యే తేదీ అబద్ధం. ఇవాళ్టి తేదీతో లెక్కకట్టే వయసు కూడా అబద్ధమే. ఇలాంటి కాపీని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. నా అసలు అభ్యంతరం మాత్రం వేరు. క్రాక్ చేసిన కాపీలో ఏ ఫైల్ మార్చారో ఎవరికీ తెలియదు. ఐక్యూ టూల్ పట్టుకోవాల్సింది సరిగ్గా దాన్నే. యూనివర్సిటీల్లో థీసిస్ స్టాటిస్టిక్స్ ఇలాంటి కాపీల మీద చేసేవాళ్లకీ నేను చెప్పేది ఇదే. ఆర్ ఉంది, జాస్ప్ ఉంది, పీఎస్‌పీపీ ఉంది, నేర్చుకునేవాళ్లకు సాస్ కంపెనీయే ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. దొంగ కాపీకి ఏ సాకూ మిగల్లేదు.

మా రంగంలో సాస్ లేకపోతే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలని మేం అడగం, వాడినది ఏ వెర్షనో ఏ బిల్డో సహా రాయండి చాలు అని ఎఫ్‌డీఏ 2015లోనే స్పష్టంగా ప్రకటించింది. ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. డేటాని ఎక్స్‌పీటీ అనే ఫార్మాట్‌లో పంపమంటారు, అది సాస్ వాళ్లు పుట్టించినది. అయితే దాని వివరం బహిరంగం, ఆర్ నుంచి కూడా రాయొచ్చు. 2021లో ఆర్ కన్సార్షియం వాళ్లు పూర్తిగా ఆర్‌తో చేసిన నమూనా సబ్మిషన్ ఎఫ్‌డీఏకి పంపించారు కూడా.

ఇదంతా విని ఆర్ అభిమానులు చప్పట్లు కొట్టక్కర్లేదు. "కోడ్ తెరిచే ఉంది, ఎవరైనా చూడొచ్చు" అనేది వాళ్ల ఊతపదం. ఎవరైనా చూడొచ్చు, సరే. మీరు చూశారా? ఆర్ ఫౌండేషన్ రెగ్యులేటరీ వాడకం కోసం ప్రచురించిన పత్రం ఆర్ మూలభాగానికి, దానితో వచ్చే సిఫారసు ప్యాకేజీలకే వర్తిస్తుంది. మిగతా వేలాది ప్యాకేజీల్లో బంగారం ఉంది, ఎవరో ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకి రాసి వదిలేసిందీ ఉంది. పైగా మూలభాగమే మారుతూ ఉంటుంది. 2019లో వచ్చిన ఆర్ 3.6.0లో శాంపిల్ తీసే పద్ధతిని సవరించారు. పాతదానిలో చిన్న వక్రత ఉండేది, సరిదిద్దడం మంచిదే. ఫలితం ఏమిటంటే, పాత వెర్షన్‌లో ఒక సీడ్‌తో (ర్యాండమ్ అంకెలు మొదలయ్యే సంఖ్యతో) తయారుచేసిన ర్యాండమైజేషన్ లిస్టు, కొత్త వెర్షన్‌లో అదే సీడ్ ఇచ్చినా అలాగే రాదు. పాత పద్ధతి కావాలని విడిగా అడగాలి. ఏ వలంటీర్‌కి ఏ మందు అన్నది తేల్చే లిస్టు అది. రెండేళ్ల తర్వాత ఇన్‌స్పెక్టర్ "మళ్లీ తయారుచేసి చూపించండి" అంటే చెమటలు పట్టడం ఖాయం.

వెర్షనే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా జవాబు మార్చగలదు. రసాయన శాస్త్రంలో ఎన్‌ఎంఆర్ లెక్కలకి చాలామంది వాడిన ఒక పైథాన్ స్క్రిప్టు 2014లో వచ్చింది. ఒకే ఫైళ్లు ఇచ్చినా వేర్వేరు సిస్టమ్‌ల మీద వేర్వేరు జవాబులిస్తోందని 2019లో హవాయి యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టారు. ఫోల్డర్‌లో ఫైళ్లు ఒక వరసలో వస్తాయని స్క్రిప్టు అనుకుంది. ఆ వరసకి పైథాన్ హామీ ఇవ్వదు. మధ్యలో ఒక్క సార్ట్ ఉంటే సరిపోయేది.

మరి ఏం చేయాలి? ల్యాబ్ వాళ్లు చేసేదే. జవాబు తెలిసిన శాంపిళ్లు కొన్ని దగ్గర పెట్టుకోవాలి. నా ఫోల్డర్‌లో ఇప్పుడు ఉన్నవి చెబుతాను. పైన చెప్పిన రెండు పీరియడ్ల డిజైన్ (క్రాసోవర్) రిఫరెన్స్ డేటాసెట్లు, ముఖ్యంగా వరుసలు అసమానంగా ఉన్నవి. ఒకే మందుని ఒకే మనిషికి ఒకటికన్నా ఎక్కువసార్లు ఇచ్చే రిప్లికేట్ డిజైన్ కోసం యూరోపియన్ మందుల ఏజెన్సీ జవాబులతో సహా విడుదల చేసిన రెండు డేటాసెట్లు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఇచ్చే లెక్కల్లోంచి కొన్ని. నిస్ట్ వాటిలో లీనియర్ రిగ్రెషన్‌కి సంబంధించినవాటికి 15 అంకెల దాకా ధృవీకరించిన జవాబులుంటాయి. లాంగ్లీ అనే డేటాలో 16 వరసలే ఉంటాయి, కానీ అందులోని చరరాశులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండి నాసిరకం ప్రోగ్రామ్‌ని తికమకపెడతాయి. ఫిలిప్ అనేది పదో డిగ్రీ బహుపది. దాన్ని ఆర్‌లో రిగ్రెషన్ కట్టే మామూలు ఎల్ఎం ఫంక్షన్‌కి డిఫాల్ట్‌గా ఇస్తే ఒక గుణకం దగ్గర ఎన్ఏ పెట్టి ఊరుకుంటుంది. టాలరెన్స్ అనే సెట్టింగ్ తగ్గిస్తే జవాబు ఇస్తుంది. ఇది ఫెయిల్ కింద రాయాలా అని నాతో పనిచేసే అమ్మాయి అడిగింది. తప్పు అంకె చెప్పడం కన్నా చెప్పలేనని ఒప్పుకోవడం నయం, కాబట్టి ఎన్ఏ వస్తుందన్నదే ఆశించిన జవాబుగా రాసిపెట్టుకున్నాం. రేపు ఏదైనా వెర్షన్‌లో ఎన్ఏ బదులు అంకె వస్తే ఆగి చూస్తాం.

వీటికి తోడు మేమే తయారుచేసుకున్న చిట్టి డేటా. ఖాళీ వయసున్న మనిషి ఒకడు, సరిగ్గా సగం దగ్గర ఆగిన విలువలు, రెండో పీరియడ్‌కి రాని వలంటీరు, పేరులో చిన్న, పెద్ద అక్షరాలు కలిసిన కోడ్‌లు. జవాబులు కాగితం మీద చేత్తో కట్టినవి. ఒక్క స్క్రిప్టు నడిపితే అన్నీ వరసగా వెళ్లి, ఏది కలవలేదో చెబుతుంది. నడవడానికి టీ తాగినంత సేపు కూడా పట్టదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడే కాకుండా వెర్షన్ మారినా, సర్వర్ మారినా, విండోస్ అప్‌డేట్ వచ్చినా, ప్రతి స్టడీ చివరి రన్‌కి ముందూ నడుపుతాం, ఆ లాగ్‌ని స్టడీ ఫైల్‌లోనే పెడతాం. ఒక నియమం మాత్రం గట్టిగా పాటిస్తున్నాం. జవాబు కలవకపోతే కారణం దొరికేదాకా ఆశించిన విలువని ఎవరూ ముట్టుకోకూడదు. ఒప్పుకునే తేడా కాస్త పెంచితే పాసవుతుంది కదా అనే ప్రలోభం ఎంత బలమైనదో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

"ఆడిటర్ ఇవన్నీ అడగలేదు కదా" అని మేనేజర్లు అంటారు. ఆడిటర్ అడిగేది తన లిస్టులో ఉన్నది. వలంటీర్ల శరీరంలో మందు గురించి సంతకం పెట్టేది మనం. ఖర్చు మాట ఎత్తితే, నేను పైన చెప్పిన బయటి డేటాసెట్లకి ఒక్క రూపాయి కట్టలేదు.

దీనివల్ల మాకు ఊహించని లాభం ఇంకోటి ఉంది. ఒకే డేటాని సాస్‌లోనూ ఆర్‌లోనూ నడుపుతున్నాం కాబట్టి ఇప్పుడు డబుల్ ప్రోగ్రామింగ్‌లో రెండో మనిషి రెండో సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాడు. మొదటి వారాల్లో తేడాలు కుప్పలుగా వచ్చి పిల్లలు విసుక్కున్నారు. దాదాపు అన్నీ క్వార్టైల్, రౌండింగ్, ఖాళీ విలువల గొడవలే. ఇప్పుడవి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి ఉన్నాయి.

అన్నీ ఆర్‌కి మార్చేశామా అంటే, లేదు. రిప్లికేట్ డిజైన్‌కి ఎఫ్‌డీఏ సూచించే మిక్స్‌డ్ మోడల్‌లో ఒక కోవేరియన్స్ నిర్మాణం ఉంది. సాస్‌లో ప్రాక్ మిక్స్‌డ్‌కి దాన్ని ఒక్క ముక్కలో అడగొచ్చు. నేను వాడే ఆర్ ప్యాకేజీల్లో దాన్నీ, దానితోపాటు కావాల్సిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్కనీ అచ్చంగా అలాగే రప్పించడం ఇప్పటిదాకా కుదరలేదు. ఆ ఒక్క లెక్క కోసం ఈ ఏడు కూడా సాస్ లైసెన్సు రెన్యూవల్ ఫైల్ మీద నేనే సంతకం పెట్టాను, ఈసారి ఆ ఫైల్‌కి మా పరీక్షల లాగ్ జతచేసి.